పాత జిప్సీ కొనే ముందు దాని కింద పడుకుని చూడండి

మారుతీ జిప్సీ 1985 చివర్లో మన దేశపు రోడ్ల మీదికి వచ్చింది. 970 సీసీ పెట్రోలు ఇంజనుతో మొదలైన ఆ బండి 1996లో 1298 సీసీ ఇంజనుతో జిప్సీ కింగ్ అయింది. ఆ తరువాత రూపురేఖల్లో చెప్పుకోదగ్గ మార్పేమీ లేకుండానే కొనసాగి, 2019 నాటికి మామూలు కొనుగోలుదారులకు దొరక్కుండా పోయింది. కాబట్టి ఇవాళ జిప్సీ కావాలనుకునేవారికి పాత బండి తప్ప వేరే దారి లేదు. మారేడుమిల్లి, లంబసింగి మట్టిదారుల్లో తిరగాలనుకునే కుర్రకారు మొదలుకొని పొలాలకూ చెరువులకూ వాడుకునే రైతుల దాకా దీనికి ఇప్పటికీ గిరాకీ ఉంది. ధరలు కూడా ఆ గిరాకీని చూసుకునే పలుకుతున్నాయి. ఈ బండి కొండ ఎలా ఎక్కుతుందో, బురదలోంచి ఎలా బయటపడుతుందో చెప్పే సమీక్షలకు కొరత లేదు కనుక ఇక్కడ తుప్పు గురించి మాత్రమే రాస్తున్నాను. నా దృష్టిలో పాత జిప్సీకి వెల కట్టవలసింది ఛాసిస్‌లో, అంటే బండి బరువంతా మోసే అడుగు చట్రంలో, ఇంకా ఎంత ఇనుము మిగిలి ఉందన్న లెక్కను బట్టే. మీటరు రీడింగు, రంగు, టైర్లు ఇవన్నీ ఆ తరువాతి మాటలు.

ఇంజను సంగతి ముందే చెప్పి పక్కన పెడతాను. అది చిన్నది, సులువైనది. బోరు చేయించవలసి వచ్చినా, క్లచ్ ప్లేట్లు మార్చవలసి వచ్చినా ఖర్చు ఎంతవుతుందో తెలిసిన మెకానిక్ ముందుగానే ఒక అంకె చెప్పగలడు. తుప్పు విషయంలో అలా ముందుగా చెప్పగలిగినవారు నాకు తారసపడలేదు. రేకు కోసి చూస్తేగాని లోపల ఎంత పోయిందో తెలియదు, కోయడం మొదలుపెట్టాక మధ్యలో ఆపడానికి కుదరదు. ఇరవై వేలతో అయిపోతుందనుకున్న టింకరింగ్ పని లక్ష దాటడానికి ఇదే కారణం.

జిప్సీ నిర్మాణం తెలిస్తే ఎక్కడ చూడాలో దానంతటదే తెలుస్తుంది. అటూ ఇటూ రెండు పొడవాటి ఇనుప దూలాలు, వాటి మధ్య అడ్డకమ్మీలు ఉండే నిచ్చెన ఆకారపు ఛాసిస్ దీనికి ఆధారం. ఆ దూలాలు లోపల బోలుగా ఉంటాయి. నాలుగు చక్రాలకూ కమాన్ కట్టలే (లీఫ్ స్ప్రింగులు). వాటి చివరలు ఛాసిస్‌కు వెల్డింగ్ చేసిన బ్రాకెట్లలో బిగించి ఉంటాయి. బాడీ మొత్తం రబ్బరు దిమ్మల మీద కూర్చుని, బోల్టులతో ఛాసిస్‌కు పట్టి ఉంటుంది. బోలుగా ఉన్న ప్రతిచోటా బురద చేరుతుంది. రెండు రేకులు కలిసిన ప్రతి అతుకులోనూ నీరు నిలుస్తుంది. రబ్బరు కింద నిలిచిన తడి ఎండాకాలంలో తప్ప ఆరదు. బండిని బయటి నుంచి ఎంత కడిగినా ఈ మూడు చోట్లకూ నీటి పైపు అందదు. జిప్సీలో ప్రమాదకరమైన తుప్పు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే.

తుప్పు కనబడగానే బెదిరిపోయి వెనక్కి వచ్చేసేవారిని చూశాను, అది అనవసరం. ఆక్సిల్ గొట్టం మీదా, ప్రొపెల్లర్ షాఫ్టు మీదా, సైలెన్సర్ మీదా పలుచగా పరుచుకున్న ఎర్రటి పొర ప్రతి పాత బండికీ ఉంటుంది. తీగ బ్రష్షుతో రుద్దితే కింద గట్టి ఇనుము తేలుతుంది. నిజానికి అలాంటి తుప్పు ఎవరూ రంగు పూసి దాచలేదనడానికి సాక్ష్యం కనుక నాకు అది కొంత ధైర్యాన్నిస్తుంది. రెండో రకం పెచ్చులుగా లేచే తుప్పు. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణం ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి అది మడతకాజా పొరల్లా విడివిడిగా ఉబ్బుతుంది. పెచ్చు మందంగా కనిపించినంత మాత్రాన అక్కడ ఇనుము మందంగా ఉందని అనుకోకూడదు. అంత పెచ్చు లేచిందంటే ఆ మేరకు లోహం ఖర్చయిపోయిందని అర్థం. మూడోది స్క్రూడ్రైవరు మొన ఆనించి నొక్కితే లోపలికి దిగిపోయే తుప్పు. బాడీ రేకులో అయితే దానికి బేరం ఉంటుంది, ఛాసిస్‌లో అయితే ఉండకూడదు.

బండి చూడబోయే ముందు అది ఎక్కడ బతికిందో కనుక్కోవాలి. ఇదివరకు నంబరు ప్లేటు చూస్తే కొంత తెలిసేది. ఏపీ 31 అంటే విశాఖ, ఏపీ 05 అంటే తూర్పుగోదావరి అని చెప్పుకునేవాళ్లం. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్ మొత్తానికి ఏపీ 39 అనే ఒకే కోడు వచ్చాక, ఆ తరువాత రిజిస్టరైన బండ్లకు ఆ ఆనవాలు పోయింది. అందుకని ఆర్‌సీలోని చిరునామా, పాత ఇన్సూరెన్సు కాగితాలు, సర్వీసు బిల్లులు ఏ ఊరివో చూడటం తప్పనిసరి. సముద్రపు గాలిలోని ఉప్పు ఇనుము మీద పేరుకుని గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అందువల్ల వాన పడని రోజుల్లో కూడా తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. ఉప్పాడ–కాకినాడ బీచ్ రోడ్డు మీద తిరిగే బండ్లను చూడండి: తుఫాను రోజుల్లో అలలు రోడ్డు మీదికే వచ్చి పడతాయి, ఆ ఉప్పునీరు ఛాసిస్ రంధ్రాల్లోకి పోయాక మంచినీళ్లతో లోపలి దాకా కడిగేవారు అరుదు. భీమవరం చుట్టుపక్కల చెరువుగట్ల మీద పనిచేసిన బండ్లది మరో కథ. రొయ్యల ట్రేలు, ఐసు పెట్టెలు మోసిన జిప్సీ వెనక భాగంలో కరిగిన ఐసునీళ్లు ఉప్పుతో సహా నేలరేకు అతుకుల్లోకి ఇంకుతాయి. అలాంటి బండి ముందువైపు ఎంత బాగున్నా వెనక చక్రాల పైనున్న రేకును ప్రత్యేకంగా చూడాలి. 2014 అక్టోబరు హుద్‌హుద్ తుఫాను, 2020 అక్టోబరు హైదరాబాద్ వరదలు, 2024 సెప్టెంబరు విజయవాడ బుడమేరు వరద, వీటిలో మునిగిన బండ్లు కూడా శుభ్రం చేయించుకుని మార్కెట్టులోకి వస్తాయన్నది గుర్తుంచుకోవాలి.

దీనికి భిన్నంగా ఢిల్లీ నుంచి వచ్చే బండ్ల పట్ల మనవాళ్లకు ఉన్న అనుమానం తుప్పు వరకూ అంత సబబైనది కాదు. 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్లను అక్కడ తిరగనివ్వకూడదన్న నిబంధన వల్ల ఆ వయసు దగ్గరపడిన బండ్లు ఎన్‌వోసీతో (నిరభ్యంతర పత్రంతో) దక్షిణాదికి వస్తూ వచ్చాయి. మీటరు తిప్పారా, కాగితాలు సరిగ్గా ఉన్నాయా అన్నది వేరే పరీక్ష, అందులో జాగ్రత్త పడవలసిందే. ఇనుము మాటకొస్తే, సముద్రానికి అంత దూరంలో తిరిగిన జిప్సీ ఛాసిస్ మన తీరప్రాంతపు బండి కంటే ఆరోగ్యంగా ఉండే అవకాశం ఎక్కువ. సైన్యం వేలంలో అమ్మిన బండ్ల గురించి మాత్రం ఇలా ఒక్కమాటలో తేల్చలేము, ఎందుకంటే ఆ బండి రాజస్థాన్ ఇసుకలో పనిచేసిందో ఈశాన్య రాష్ట్రాల వానల్లో నానిందో దాని ఆకుపచ్చ రంగు చెప్పదు. పైగా పొర మీద పొరగా వేసిన ఆ మందపాటి రంగు కింద పొక్కులు తొందరగా బయటపడవు.

చూసే రోజు బానెట్ ఎత్తడంతో మొదలుపెట్టవద్దు. అమ్మేవారితో మాట్లాడి బండిని కడగకుండానే ఒకసారి చూడాలి, తరువాత వాటర్ సర్వీసింగ్ చేసేచోట ర్యాంపు మీదికి ఎక్కించి, కడిగించి మళ్లీ చూడాలి. కడగక ముందు బురద ఏ రంగుదో, ఎక్కడ గడ్డ కట్టిందో తెలుస్తుంది. కడిగాక లోహం తెలుస్తుంది. వెంట తీసుకుపోవలసినవి ఒక టార్చిలైటు, గుండ్రటి తలగల చిన్న సుత్తి, స్క్రూడ్రైవరు, పలుచటి గుడ్డ చుట్టిన అయస్కాంతం. ఫోనుకు తగిలించుకునే సన్నని తీగ కెమెరా ఇప్పుడు చవకగానే దొరుకుతోంది. ఛాసిస్ దూలంలో ఉన్న రంధ్రాల్లోంచి దాన్ని లోపలికి పంపితే, బయట నుంచి చూస్తే నల్లగా నిగనిగలాడే దూలం లోపల ఏ స్థితిలో ఉందో కళ్లకు కడుతుంది.

ఆ నిగనిగ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. విశాఖలో ఒక బంధువు కోసం చూసిన సాఫ్ట్‌టాప్ (కాన్వాసు పైకప్పు ఉండే) జిప్సీ కింద భాగమంతా ముందు రోజే పూసినట్టు నల్లగా ఉంది. "కింద ఫుల్ కోటింగ్ కొట్టించాం సార్, ఇంకో పదేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నాడు అమ్మే మనిషి. ముందువైపు దూలం మీద సుత్తితో తేలిగ్గా కొడితే ఖంగుమని మోగింది. అక్కడి నుంచి వెనక్కి జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ పోతే మధ్య దాకా అదే మోత. వెనక కమాన్ కట్ట చివరను ఛాసిస్‌కు పట్టి ఉంచే షాకిల్ బ్రాకెట్ దగ్గరికి వచ్చేసరికి మోత పోయి, అట్టపెట్టె మీద కొట్టినట్టు మొద్దు చప్పుడు వచ్చింది. రబ్బరు కోటింగ్ అంచును గోటితో లేపితే బొటనవేలంత వెడల్పున పొరంతా ఊడి వచ్చింది; దాని వెనక అంటుకుని గోధుమరంగు తుప్పు పెచ్చు, ఆ పెచ్చు కింద తడి. ఎండాకాలం మధ్యాహ్నం అక్కడ తడి ఉండటానికి కారణం ఆ కోటింగే. తుప్పు తీయకుండా పైన రబ్బరు పూస్తే నీరు బయటి నుంచి రాకుండా ఆగదు సరికదా, లోపల చేరిన నీరు ఆరకుండా ఆగుతుంది. స్క్రూడ్రైవరు తీసి నొక్కబోతే ఆ మనిషి వద్దన్నాడు. మేం కూడా పట్టుబట్టకుండా వచ్చేశాం.

కొత్తగా పూసిన నల్లరంగు ఉన్న ప్రతి బండీ మోసమని నా ఉద్దేశం కాదు. శ్రద్ధగల యజమాని శుభ్రం చేయించి, ప్రైమరు వేయించి, ఆ పైన కోటింగ్ చేయించి ఉండవచ్చు. అలాంటివారి దగ్గర పని జరుగుతున్నప్పటి ఫొటోలూ, బిల్లూ ఉంటాయి, అడగగానే చూపిస్తారు. అమ్మకానికి పెట్టబోయే ముందు చేయించిన కోటింగ్ అయితే నట్లు, బోల్టులు, బ్రేకు పైపులు, చివరికి రబ్బరు బుష్‌ల మీద కూడా అదే రంగు చిమ్మి కనబడుతుంది.

ఛాసిస్ తరువాత నేలరేకు. జిప్సీ సాఫ్ట్‌టాప్‌లో కాన్వాసు కుట్ల గుండా, తలుపు సందుల గుండా వాననీరు లోపలికి రావడం సహజం. అసలు బండికి ఉండే పలుచటి మ్యాటు మీద చాలామంది అందం కోసం మందపాటి కార్పెట్ వేయిస్తారు, దాని కింద స్పాంజి ఉంటుంది, ఆ స్పాంజి వానాకాలమంతా నీళ్లు పీల్చుకుని కూర్చుంటుంది. డ్రైవరు కాళ్ల కింద కార్పెట్ ఎత్తి చూడనివ్వని బండిని అక్కడే వదిలేయవచ్చు. ఎత్తాక, నేలరేకును చేతి మడమతో గట్టిగా నొక్కి చూడాలి. రేకు కరకరమంటే కింద నుంచి ప్యాచ్ వేసి పైన తారు షీటు అంటించి ఉండే అవకాశం ఉంది. తరువాత బాడీని ఛాసిస్‌కు పట్టి ఉంచే రబ్బరు దిమ్మలను ఒక్కొక్కటిగా చూడాలి. దిమ్మ పైన బాడీ రేకు నలిగి కిందికి కూరుకుపోయిందంటే ఆ చోట లోహం బలం కోల్పోయిందని అర్థం, అప్పుడు తలుపులు సరిగ్గా పడవు. తలుపుల సందులు పైన వెడల్పుగా, కింద ఇరుకుగా ఉన్న బండిని అమ్మేవాళ్లు కీళ్లు వదులయ్యాయని చెబుతారు, ఒక్కోసారి అది నిజం కూడా. దిమ్మలు చూశాకే నమ్మాలి.

ముందు అద్దపు ఫ్రేము అడుగుభాగం, తలుపుల కింది అంచులు, బ్యాటరీ కింది రేకు, హెడ్‌లైట్ల వెనక మడ్‌గార్డు లోపలి వైపు, ఇవన్నీ జిప్సీ తుప్పుకు అలవాటైన చోట్లే గాని బండిని వద్దనడానికి ఇవి చాలవు. అయస్కాంతం అంటుకోని చోట పుట్టీ ఉందని తెలుస్తుంది. పెయింటు మందం కొలిచే మీటరు దొరికితే ఇంకా మంచిది. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 100 నుంచి 180 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది, 300 దాటిందంటే ఆ ప్యానెల్ మీద రెండోసారి పని జరిగింది. వయసైన బండికి అక్కడక్కడా పుట్టీ ఉండటం తప్పు కాదు, ఎక్కడెక్కడుందో తెలుసుకుని బేరంలో వాడుకుంటే సరిపోతుంది.

ఎవరూ చూడని మరో మూడు చోట్లున్నాయి. ముందు ఆక్సిల్ చివర, చక్రం తిరిగేచోట ఇనుప గోళం ఉంటుంది. స్టీరింగును పూర్తిగా ఒకవైపు తిప్పితే ఆ గోళం ఉపరితలం బయటపడుతుంది. అది నున్నగా మెరవాలి. తుప్పు తిని చిన్న చిన్న గుంటలు పడితే ఆ గరుకుతనం సీలును కోసేస్తుంది, ఎన్ని కొత్త సీళ్లు వేసినా గ్రీజు, ఆయిలు బయటికి కారుతూనే ఉంటాయి. రెండోది బ్రేకు పైపులు: ఛాసిస్ వెంబడి పోయే సన్నని ఇనుప గొట్టాలు క్లిప్పుల కింద తుప్పు పడతాయి, ఘాటు రోడ్డు దిగుతూ బలంగా బ్రేకు తొక్కినప్పుడు పగిలే ప్రమాదం ఉన్నది అక్కడే. వాటిని కొత్తవి వేయించడం పెద్ద ఖర్చు కాదు కనుక, బండి నచ్చితే కొన్న వెంటనే వేయించుకోవాలి. మూడోది పెట్రోలు ట్యాంకు పైభాగం. కింద నుంచి చూస్తే బాగానే కనబడుతుంది, పైన పేరుకున్న మట్టి తడిసి అక్కడే రంధ్రం పడుతుంది. పెట్రోలు నిండుగా పోయించి కాసేపు ఆగితే వాసనే చెబుతుంది.

ఛాసిస్ నంబరు విషయం డబ్బుకే పరిమితం కాదు. 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ పొడిగింపుకు బండిని పరిశీలించే అధికారి ఆ నంబరును ఆర్‌సీతో పోల్చి చూస్తారు. ఛాసిస్ మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే ప్రతి అంకే స్పష్టంగా రావాలి. తుప్పు తిని అంకెలు సగం పోయినా, వాటి చుట్టూ ఇసుకకాగితంతో రుద్ది రంగు వేసిన గుర్తులున్నా ఆ బండి జోలికి పోవద్దు. దాని ఛాసిస్ మార్చేద్దాం లెమ్మని మెకానిక్ తేలిగ్గా అనవచ్చుగాని, రవాణా శాఖ అనుమతి లేకుండా అది కుదిరే పని కాదు.

బాగుచేయించుకోగలిగినది ఏది? నేలరేకు, తలుపుల అడుగు, మడ్‌గార్డులు: కుళ్లిన మేరకు గట్టి రేకు తగిలేదాకా కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయిస్తే నిలుస్తుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఈ పని చేయగల మేస్త్రీలకు కొదవ లేదు. పాత రేకు కోయకుండా దాని మీదే కొత్త రేకు అతికించే పని మాత్రం ఒప్పుకోకూడదు, ఆ రెండింటి మధ్య తుప్పు మళ్లీ మొదలవుతుంది. ఛాసిస్ మీద కమాన్ బ్రాకెట్ల దగ్గర, స్టీరింగ్ బాక్సు బిగించిన దగ్గర కుళ్లు ఉంటే ఎంత చవకగా ఇచ్చినా వద్దనే నా సలహా, ఎందుకంటే గుంటల రోడ్డు మీద బండి బరువంతా పడేది ఆ చోట్ల మీదే. ఇది జిప్సీకి ప్రత్యేకమైన లోపమని నేను అనడం లేదు. 2010 నుంచి 2020 వరకు వచ్చిన మొదటి తరం మహీంద్రా థార్‌ను కూడా ఇదే పద్ధతిలో చూడాలి. అమెరికాలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే మిషిగన్, ఒహాయో రాష్ట్రాల్లో ఉంటూ పాత పికప్ కొనాలనుకునే మనవాళ్లకు టయోటా ఉదంతం తెలిసే ఉంటుంది: టకోమా, టండ్రా, సెకోయా బండ్ల ఫ్రేములకు తుప్పు నుంచి తగిన రక్షణ లేదన్న దావాలో, దాదాపు 15 లక్షల బండ్లకు వర్తించేలా ఆ కంపెనీ 2016లో రాజీకి ఒప్పుకుంది.

ఇంతకీ పాత జిప్సీ కొనదగ్గదేనా అంటే, ఛాసిస్ ఖంగుమని మోగే బండి దొరికితే నిస్సందేహంగా కొనదగ్గదే. తీరప్రాంతంలో ఉండేవారు సాఫ్ట్‌టాప్ కన్నా హార్డ్‌టాప్ వెతుక్కోవడం మంచిది. రంగు వెలిసి, అక్కడక్కడా తుప్పు బాహాటంగా కనబడే బండిని, కొత్త రంగుతో తళతళలాడే బండి కన్నా ముందుగా చూడండి, బేరం కూడా అక్కడే కుదురుతుంది. కొన్నాక మొదటి వానాకాలం రాకముందే ఛాసిస్‌లోని నీరు పోయే రంధ్రాలను తీగతో పొడిచి శుభ్రం చేయించి, దూలాల లోపలికి ఒత్తిడితో మంచినీళ్లు పట్టించి, కొన్ని రోజులు ఎండలో ఆరనిచ్చిన తరువాత లోపలి గోడలకు అంటుకునే మైనపు స్ప్రే కొట్టించాలి. పైపై తుప్పు ఉన్నచోట తుప్పును గట్టి పొరగా మార్చే, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉండే రస్ట్ కన్వర్టర్, ఆపైన జింకు ప్రైమరు, చివర రంగు. రబ్బరు కోటింగ్ వేయించేవారు చక్రాల పైభాగంలో రాళ్లు తగిలేచోటికి దాన్ని పరిమితం చేసి, ఛాసిస్‌కు మామూలు రంగే ఉంచమని మేస్త్రీకి గట్టిగా చెప్పాలి, అప్పుడే ఏటా దాన్ని సుత్తితో కొట్టి చూసుకోవడానికి వీలుంటుంది.